రావికమతం బస్సులో పాట

అనకాపల్లి బస్టాండుకు మేము ఉదయం ఎనిమిదింపావుకు చేరాం. మేము అంటే నేనూ, మా అప్ప, అంటే మా అక్క, నూకరత్నమూ. అప్పకు కుడి మోకాలి కీలు మార్చి మూడు వారాలైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక బెల్లం మార్కెట్ వెనక వీధిలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఇప్పుడు తనను రావికమతం మండలంలోని వాళ్ళ ఊళ్ళో దిగబెట్టాలి. దారి నలభై కిలోమీటర్ల పైచిలుకు. మామూలు మనిషికి అది రెండు గంటల ప్రయాణం, అంతే. మాకు మాత్రం అందులో రెండు గండాలున్నాయి: బస్సు ఎక్కడం ఒకటి, బస్సు దిగడం ఒకటి.

ఇంటికి పంపేటప్పుడు ఎముకల డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఆరు వారాల దాకా పడకూడదు. ఈ కాలు నిలిస్తేనే రెండో కాలు చేస్తాను. ఇది చెడిందా, రెండోదాని మాట మరిచిపోండి." అప్ప రెండో మోకాలు మొదటిదానికన్నా అధ్వాన్నం. పాలు పితకడానికి గేదె దగ్గర కూర్చుంటే లేవడానికి బావను కేకెయ్యాల్సిన స్థితి. "రెండు కాళ్ళూ బాగైపోతే నానే పితుక్కుంటాను. మీ బావ సెయ్యేత్తే గేది తన్నేత్తాది" అని ఆసుపత్రిలో నర్సులందరికీ చెప్పుకుంది.

కారు ఎందుకు మాట్లాడలేదని చదివేవాళ్ళు అడగవచ్చు. మాట్లాడాను. ముందురోజు సాయంత్రం కారు ఇంటి ముందుకు రప్పించి, అప్పను అందులో కూర్చోబెట్టి చూశాను. వెనక సీట్లో అడ్డంగా కూర్చున్నా కాలు పూర్తిగా చాపడానికి జానెడు తక్కువైంది. మోకాలు మడిచి అంతసేపు కూర్చోకూడదు. ఆటో అయితే గతుకుల్లో ఎగరేస్తుంది. బస్సులో వెనక తలుపు పక్కనుండే సీటుకు ముందు మాత్రం కాలు చాపుకునేంత జాగా ఉంటుంది. అన్నీ బేరీజు వేసుకుని బస్సే మేలనుకున్నాను. లెక్క సరిగ్గానే వేశాననుకున్నాను.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక మొదటిసారి తెల్లబోయాను. నేను బెల్లం కొట్లో లెక్కలు చూసే మనిషిని. కొట్టుకూ ఇంటికీ మధ్య నడక తప్ప బస్సెక్కడం ఎప్పుడో గాని లేదు. బస్టాండంటే హారన్లు, పల్లీల వాళ్ళ కేకలు ఉంటాయనుకున్నాను. ఆ కేకలు వినిపించనే లేదు. మా చుట్టూ ఉన్న ప్రతి చేతిలోనూ ఫోను మోగుతోంది. ఒకాయన ఫోన్లో భజన. ఆయన భుజానికి భుజం తగిలేలా కూర్చున్న కుర్రాడి ఫోన్లో డప్పు. ఎదుటి బెంచీ మీద ఒకావిడ చంటిబిడ్డను జోకొడుతూనే ఏదో హాస్యం చూస్తోంది. అందులో జనం పగలబడి నవ్వుతున్నారు, ఆవిడ మాత్రం నవ్వడం లేదు. ఇంకో విచిత్రం, ఏ పాటా చరణం దాకా వెళ్ళడం లేదు. పల్లవి సగంలోనే వేలు కదులుతుంది, ఇంకో పాట వస్తుంది. కూడిక మధ్యలో ఎవరో పలకరిస్తే అంకె జారిపోయినట్టు, నా బుర్రలో ప్రతి రాగమూ సగంలో జారిపోతోంది.

అన్నిటికన్నా నన్ను విస్తుపోయేలా చేసింది వాళ్ళ ముఖాలు. పక్కవాడి చప్పుడుకు ఒక్కరూ చిరాకు పడడం లేదు. కుండపోతలో ఎవరి గొడుగు కింద వాళ్ళు నిలబడ్డట్టు, ఎవరి పాట కింద వాళ్ళు తడవకుండా కూర్చున్నారు. గొడుగు లేనివాళ్ళం మేమిద్దరమే.

"ఏటిరా అలా సూత్తన్నావు, సంతలో తప్పిపోయినోడిలాగ?" అంది అప్ప.

"ఈ గోల చూడు అప్పా."

"ఆసుపత్రిలో ఇంతకన్నానా? నా పక్క మంచం ముసిలమ్మ రేయీ పగలూ సీరియలు ఇనిపించేది."

ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సు మొదట వచ్చింది. అది ఆగకముందే తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్ప దాన్ని ఎగాదిగా చూసి, "ఓలమ్మో, అందులోకెక్కితే కాలు సంగతి దేవుడెరుగు, కట్టు కూడా మిగల్దు" అంది. దాన్ని వదిలేశాం. ఎనిమిదీ యాభైకి ఒక ప్రైవేటు సర్వీసు బస్సు వచ్చింది. టికెట్ మనిషికి డెబ్బై. జనం పలచగా ఉన్నారు. వెనక తలుపు పక్క సీటు ఖాళీ.

కండక్టరు నలభై దాటిన మనిషి, మెడలో తాడుకు విజిల్ వేలాడుతోంది. అప్ప చేతికర్రనూ కట్టునూ చూసి తనే సీటు దులిపాడు. "నిదానంగా ఎక్కమ్మా, తొందరేటి లేదు" అన్నాడు. ఎక్కేటప్పుడు ఆపరేషను చెయ్యని కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు ఆపరేషను చేసిన కాలు ముందు వెయ్యాలి. ఆసుపత్రిలో నడక నేర్పిన అమ్మాయి ఈ సూత్రం రోజూ అప్పచెప్పించుకునేది. అప్ప ఎడమ కాలు మెట్టు మీద వేసి, నా భుజం నొక్కిపెట్టి, పళ్ళు బిగించి ఎక్కింది. కూర్చున్నాక కాలు చాపుకుని, చెంగుతో ముఖం తుడుచుకుని, "అరదాన్నం అయిపోయింది" అంది. అంటే పనిలో సగం అయిందని. నా గుండె దడ కూడా సగమే తగ్గింది.

కండక్టరు రెండుసార్లు విజిల్ వేశాడు, బస్సు కదిలింది. ఒకటి వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. ఆ దారి బస్సుల్లో వెనక తలుపు నుంచి డ్రైవరుకు అందే కబురు అదొక్కటే.

మా ముందు సీట్లో నా ఈడువాడే ఒకాయన కూర్చున్నాడు. పేరు సూరిబాబు అని తర్వాత తెలిసింది. ఒళ్ళో పెద్ద అట్టపెట్టె. ఊరు దాటుతుండగా కండక్టరు దాన్ని తట్టి చూశాడు.

"ఏటి బావా అది, మిక్సీయా?"

"మిక్సీ ఏటి బావా, పాటల పెట్టి. మా గానుగకి."

"గానుగకి పాటలెందుకు, సెరుకు డేన్సు సేత్తాదా?"

"సెరుకు కాదు, మనుసులు పడుకుండిపోతారు. తెల్లారగట్ల పెనం ముందర కునుకొచ్చిందనుకో, ఏటవుద్ది? పోయినేడు మా తోడల్లుడు తూలి, మోచేతి దాకా కాల్చుకున్నాడు. మరుగుతున్న పాకం కదా, చర్మం ఊడొచ్చేసింది. అందుకే ఈ ఏడు గట్టి పెట్టి కొన్నాను. ఊరంతా ఇనిపించాల."

చెరుకు ఆడి బెల్లం వండే గానుగ దగ్గర పాటలు మోగుతాయని నాకు తెలుసు. మా కొట్టుకు బెల్లం దిమ్మలు తెచ్చే రైతులు చెబుతుంటారు. అది సరదా కోసం అనుకునేవాణ్ణి. పాకం మరిగే ఆ పెద్ద పెనంలో పడకుండా అని ఆరోజే తెలిసింది.

ఈ మాటలు ముందున్న డ్రైవరు చెవిన పడ్డాయి. "మామా, అదేదో ఇలా ముందుకి అట్టుకొచ్చి మోగించు! మన బస్సు పెట్టి పాడైపోయి పది రోజులైంది, బుర్ర ఎక్కిపోతాంది నాకు!" అని అరిచాడు.

సూరిబాబు సిగ్గుపడుతూనే లేచాడు. అట్టపెట్టె విప్పాడు. సొరకాయంత పొడవున్న నల్లటి పెట్టె, రెండు చివరలా రంగురంగుల దీపాలు. దాన్ని డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టి, తన ఫోనుతో కలిపాడు.

ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు నేను సీట్లోంచి లేచాను. నిజంగానే లేచాను. కిటికీ అద్దాలు అదిరాయి. నేను కాళ్ళ దగ్గర పెట్టుకున్న నీళ్ళ సీసాలో నీళ్ళు వణికాయి. జాతర్లలో వేసే పాటలవి. డప్పులు, జనం కేకలు, ఈలలు అన్నీ కలిపి రికార్డు చేసినవి. బస్సులో సగంమంది తలలు ఊపుతున్నారు. తమ ఫోన్లు మోగించుకుంటున్నవాళ్ళు కూడా వాటిని ఆపలేదు. పెద్ద పాటకు అడుగున చిన్న పాటలు అలాగే నడుస్తున్నాయి. ఒక చప్పుడు మీద ఇంకో చప్పుడు వేసుకుని మనుషులు ఇంత హాయిగా కూర్చోగలరని నేను ఎన్నడూ ఊహించలేదు.

వెంకన్నపాలెం వచ్చేదాకా ఓపిక పట్టాను. తర్వాత కమ్మీలు పట్టుకుంటూ ముందుకు వెళ్ళాను. "బాబూ, కాస్త తగ్గించండి. వెనక ఆపరేషనైన మనిషి ఉంది" అన్నాను.

కూరగాయల గంపతో ఉన్న ఒకావిడ అందరికన్నా ముందు అందుకుంది. "ఏటి బాబూ, పెళ్ళికొచ్చి బాజా ఆపమన్నట్టు! సెవుల్లో దూదెట్టుకోండి!" బస్సంతా నవ్వింది.

సూరిబాబు మాత్రం నవ్వలేదు. "అయ్యో, తగ్గిత్తాను గురువుగారూ" అంటూ వెంటనే తగ్గించాడు. కాని డ్రైవరు అద్దంలోంచి చూసి, "పెంచు మామా, పెంచు. రేత్రి డూటీ సేసి మళ్ళీ పొద్దున్నే ఎక్కేను. పాట లేపోతే కళ్ళు మూతలడిపోతన్నాయి" అన్నాడు.

ఇంత బండిని, ఇంతమందిని, మా అప్పను నడుపుతున్న మనిషికి నిద్ర వస్తోంది. ఆ మాట బస్సులో సగంమంది విన్నారు. ఎవరి ముఖమూ మారలేదు. ఒకాయన ఆవలించాడు కూడా. సూరిబాబు నా వైపు చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు. పాట ఆపితే డ్రైవరు కునుకుతాడు. ఆపకపోతే మా చెవులు పోతాయి. ఈ రెండిట్లో ఏది తక్కువ నష్టమో తేల్చడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"పెంచండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

వెనక్కొచ్చి కూర్చున్నాక అప్ప అడిగింది. "తగ్గిత్తానన్నారా?"

"లేదు. పెంచమని చెప్పొచ్చాను."

అప్ప నన్ను కాసేపు చూసి, "నీకు కూడా జొరమొచ్చిందేటిరా?" అంది.

పావుతక్కువ పదికి చోడవరం. బస్సు పదిహేను నిమిషాలు ఆగింది. డ్రైవరు దిగి ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాడు. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పాట ఆగగానే చెవుల్లో సన్నటి రొద మొదలైంది. టీ బడ్డీవాడు "పంచదారా, బెల్లమా?" అని అడిగింది రెండోసారి చెబితే గాని అర్థం కాలేదు. బెల్లం టీ పది రూపాయలు. వేడి పుణుకులు పొట్లం ఇరవై. పుణుకులు బాగున్నాయి. ఆ దారిన వెళ్ళేవాళ్ళు తినవచ్చు.

అప్ప కిందికి దిగలేదు. నేను టీ తీసుకువెళ్ళేసరికి సూరిబాబు అప్పటికే ఒక గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చి, ఎదుటి సీటు అంచున కూర్చున్నాడు.

"మాయమ్మకి కూడా సేయించాలప్పా. బాగా నొప్పేత్తాదా?" అని అడుగుతున్నాడు.

"కోసినప్పుడు తెలీదు. లేపి నడిపిత్తారు సూడు, అప్పుడు పేణం పోతాది. అరిత్తే పక్కోళ్ళు బయపడతారని నాను దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని."

"మాయమ్మ అరుత్తాదప్పా. ఊరెత్తి అరుత్తాది."

"అరవనీ బాబూ. అరిసినోళ్ళకి తొందరగా తగ్గుతాదంట."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ దుప్పటి సంగతి నాకు తెలియదు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉంది, రోజూ సాయంత్రం నడిపించాను. ఒక్కసారీ మూలగలేదు. నొప్పి లేదనుకున్నాను.

పదింటికి బస్సు కదిలింది, పాట మొదలైంది. వడ్డాది దాటాక రెండు పక్కలా చెరుకు తోటలు. అక్కడక్కడ కోసిన మళ్ళు, ఆకు తగలబెట్టిన నల్లటి చారలు. కిటికీలోంచి వచ్చే గాలి బాగుంది. ఆ పాటలు లేకపోతే ఆ దారి ఎంత బాగుంటుందో అనుకున్నాను.

పదకొండు కావస్తుండగా రావికమతానికి కొంచెం ఇవతల మా స్టాపు కనిపించింది. రోడ్డు పక్కన మా బావ నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. అప్పను అందులో కూర్చోబెట్టి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఇంటిదాకా మోసుకువెళ్ళాలని ఫోనులో ముందే అనుకున్నాం. అప్ప దూరం నుంచే చూసి, "సూడు, పెళ్ళికొడుకు పల్లకీ అట్టుకొచ్చేడు" అంది.

కండక్టరు ఒక విజిల్ వేశాడు. బస్సు ఆగింది.

ముందు తలుపు కన్నా వెనక తలుపుకు కింద మెట్టు ఒకటి ఎక్కువుంది. అందుకని అక్కడినుంచే దించుతున్నాం. నేను ముందు దిగి నిలబడ్డాను. కండక్టరు కూడా దిగాడు. రెండు చేతులూ కావాలని విజిల్‌ను నోట్లోంచి వదిలేశాడు. అది అతని ఛాతీ మీద వేలాడుతోంది. "నా సెయ్యట్టుకోమ్మా. బస్సు ఎక్కడికీ పోదు" అన్నాడు. అప్ప ఎడమ చేత్తో తలుపు కమ్మీ పట్టుకుంది. ఆపరేషనైన కాలు నిదానంగా నేల మీద మోపింది. నేను ఊపిరి వదిలాను. ఎడమ కాలు ఇంకా మెట్టు మీదే ఉంది.

బస్సు కదిలింది.

మామూలుగా, మెల్లగా, ఎప్పటిలాగే కదిలింది. మొదటి క్షణం నాకు అర్థం కాలేదు. అప్ప కాళ్ళ మధ్య దూరం పెరుగుతోంది, అంతే కనబడుతోంది. చెయ్యి కమ్మీని వదలడం లేదు. వదలమని నేను అరుస్తున్నాను. అరుపు పాటలో కలిసిపోయింది. కండక్టరు ఆమెను నడుము దగ్గర పట్టుకుని బస్సుతోపాటు అడుగులు వేస్తున్నాడు. అతని చేతులు ఖాళీగా లేవు, విజిల్ నోట్లో లేదు. నేను బస్సు రేకు మీద అరచేతులతో బాదాను. లోపల కూరగాయల ఆవిడ "ఆపండి, ఆపండి" అని గంప మీద కొడుతోంది. ఆ దెబ్బలూ డప్పుల్లో కలిసిపోయాయి. బాదడమంతా ఆ పాటకు దరువు వేసినట్టే ఉంది.

కండక్టరు అప్ప వేళ్ళు కమ్మీ మీదినుంచి ఊడబెరికాడు. ముగ్గురం రోడ్డు అంచున పడ్డాం. అప్ప నా మీద పడింది. ఆమె కుడి కాలు, మడవకూడని కాలు, పూర్తిగా మడతపడి ఆమె కిందే ఉంది. ఇంకో పదడుగులు వెళ్ళాక, ముందు సీటువాళ్ళెవరో డ్రైవరు భుజం తడితే బస్సు ఆగింది.

నేను కాలు నెమ్మదిగా బయటికి తీసి చాపాను. అప్ప కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కాలుందా? నువ్వు సూడరా తమ్మా. నాను సూడను."

"ఉంది అప్పా."

ఉంది. తెల్లటి కట్టు మీద ఒక ఎర్ర చుక్క మాత్రం, మేము చూస్తుండగానే, రూపాయి బిళ్ళంత అయింది. అరచేతి అంత అయింది.

బావ కుర్చీని ఎత్తి పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. డ్రైవరు దిగివచ్చాడు. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది.

"నాకు రెండు విజిల్సు ఇనిపించేయి బాబూ. రెండు ఇనిపించేయి, లాగేసేను."

"విజిల్ ఎక్కడిదిరా? నోట్లో లేదు విజిల్!" కండక్టరు ఛాతీ మీది విజిల్ పట్టుకుని చూపించాడు. "రెండు సేతుల్తోనూ మనిసిని దించుతాంటే నానెలాగ వేత్తాను?"

"అమ్మతోడు, రెండు ఇనిపించేయి."

బస్సులో పాట ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. డ్రైవరు కండక్టరు వైపూ, కండక్టరు డ్రైవరు వైపూ చూసుకుంటూ ఉండగా ఆ పాటలోని జాతరలో ఎవరో విజిల్ వేశారు. ఒకసారి. వెంటనే రెండోసారి. అచ్చం కండక్టరు వేసినట్టే, అంతే పొడవు, అంతే ఎడం.

డ్రైవరు రోడ్డు మీదే చతికిలబడ్డాడు. రోడ్డు మీద దిగిన వాళ్ళంతా బస్సు వైపు తిరిగి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. అంత గోలలోనూ నా చెవికి ఆ రెండు విజిళ్ళే వినిపిస్తున్నాయి. అనకాపల్లి నుంచి ఆ పాట ఎన్నిసార్లు వచ్చిందో. పాట మోగుతుండగా మేము ఎక్కడా దిగలేదు కాబట్టి, అది మోగినప్పుడల్లా బస్సు నడుస్తూనే ఉంది కాబట్టి, మాకు తెలియలేదు. డ్రైవరు కునికితే ఏమవుతుందో లెక్క వేశాను. మెలకువగా ఉన్న డ్రైవరుకు ఆ పాట ఏం చెబుతుందో లెక్కలోకి తీసుకోలేదు.

సూరిబాబు లోపలికి పరుగెత్తి పెట్టె ఆపాడు. దాన్ని చంకలో పెట్టుకుని దిగాడు. మా బావకు అప్పటికి మాట వచ్చింది. "నీ పెట్టి అట్టుకెళ్ళి నీ పెనంలోనే దూకు! నా పెళ్ళాం కాలు తెచ్చిత్తావా? తెచ్చిత్తావా?" అని కుర్చీ ఎత్తి మీదికి వెళ్ళాడు.

"ఒగ్గేయ్!" అని కింద కూర్చున్న అప్ప కసిరింది. "ఆయన్నేటంటావు? ఆయనేవన్నా విజిలేసేడా? ముందు ఆ కుర్సీ ఇలా తే."

కూరగాయల ఆవిడ తన కొత్త తువ్వాలు ఇచ్చింది. కట్టు మీద గట్టిగా చుట్టాను. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. సూరిబాబు రావికమతం వైపు పరుగెత్తి ఒక ఆటోను పిలుచుకొచ్చాడు. ఎదురెదురు సీట్లుండే పెద్ద ఆటో. అప్పను కుర్చీతో సహా ఎత్తి, వెనక సీట్లో నాకు ఆనించి కూర్చోబెట్టి, కాలును ఎదుటి సీటు మీదికి చాపించాం. "నానూ వత్తాను" అన్నాడు సూరిబాబు. బావ తల అడ్డంగా ఊపి, తను డ్రైవరు పక్కన ఎక్కాడు. ఆటో కదిలి మలుపు తిరిగేదాకా సూరిబాబు పెట్టెను రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీదే ఉన్నాడు.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. అనకాపల్లిలో ఎక్స్‌రే తీశారు. కీలు జరగలేదు. కుట్లు తెగిన చోట మళ్ళీ కుట్టారు. డాక్టరు ఎక్స్‌రేను చాలాసేపు వెలుతురులో పట్టుకుని చూసి, "రెండో కాలు చేద్దాం, కాని ఆలస్యంగా" అన్నాడు. అప్ప ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఈ దారిన ఇలాంటి మనిషిని తీసుకువెళ్ళేవాళ్ళు ఒక పని చెయ్యండి. దిగే ముందు మీలో ఒకరు డ్రైవరు దగ్గరకు వెళ్ళి, ఇంజను ఆపించి, మనిషి పూర్తిగా దిగేదాకా అక్కడే నిలబడండి. విజిల్‌ను నమ్మకండి. పాట ఉంటే ఆపించండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

కాని ఆ ఆటోలో వస్తున్నప్పుడు ఇదేదీ మాకు తెలియదు. కీలు ఉందో ఊడిందో తెలియదు. నేను ఎక్కగానే ఆటో డ్రైవరుకు చెప్పాను, "బాబూ, పాటలు మాత్రం పెట్టకు" అని. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి నేను కోరుకున్న నిశ్శబ్దం అప్పుడు దొరికింది.

అది అలా ఉంటుందనుకోలేదు. ప్రతి గతుకుకూ అప్ప గొంతులోంచి ఒక మూలుగు వస్తోంది. పెదవులు బిగించినా ఆగడం లేదు. ఇంజను చప్పుడు దాన్ని కప్పలేకపోతోంది. మూలుగు వచ్చినప్పుడల్లా ముందున్న బావ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. చూసినప్పుడల్లా ఆయన ముఖం ఇంకొంచెం కుంగిపోతోంది. "నెమ్మదిరా బాబూ, నెమ్మది" అని డ్రైవరును బతిమాలుతున్నాడు. డ్రైవరు నడకంత నెమ్మదిగానే నడుపుతున్నాడు. అయినా రోడ్డు రోడ్డే. వడ్డాది దగ్గర ఒక పెద్ద గుంటలో ఆటో దిగింది. అప్ప నోట్లోంచి వచ్చినదాన్ని మూలుగు అనలేం. బావ రెండు చేతులతో తల పట్టుకుని ముందుకు వంగిపోయాడు. వీపు కదులుతోంది.

అప్ప కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"బాబూ, ఆటో బాబూ. పాటలేవీ లేవా నీకాడ?"

నేను ఉలిక్కిపడ్డాను. విన్నది నిజమేనా అని ఆమె ముఖంలోకి చూశాను.

"ఉన్నాయమ్మా. పెట్టొద్దన్నారు కదా" అన్నాడు అతను.

"నాను సెప్తున్నాను, పెట్టు. గట్టిగా పెట్టు."

అతను అద్దంలో నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఏదో పాట, ఎవరిదో, ఆటో పైరేకు అదిరేలా మొదలైంది. బావ వెనక్కి తిరిగాడు. అప్ప ఆయనకు నవ్వుతూ కనిపించింది. ఆయన కొంచెం తేరుకుని ముందుకు తిరిగి, కన్నీళ్ళు తుడుచుకుని, రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అప్ప నా భుజంలో ముఖం దాచుకుంది. అనకాపల్లి దాకా ప్రతి గతుకుకూ నోరు తెరిచి, నా చొక్కాలోకి అరుస్తూనే ఉంది. ఆ అరుపు నా ఎముకకు తగులుతోంది గాని, చెవికి మాత్రం పాటే వినిపించింది.